ఫోస్టర్ కేర్ పిల్లలకు గుర్రాల థెరపీ: ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలా?

పొద్దుతిరుగుడు:

మా ఇంట్లో ఫోస్టర్ కేర్ కింద ఒక బాబు ఉంటున్నాడు. సొంత ఇంట్లో ఉండలేని పిల్లల్ని ప్రభుత్వం వేరే కుటుంబం దగ్గర పెంచే ఏర్పాటు అది. అంతకు మించి వివరాలు చెప్పను, చెప్పకూడదు కూడా. వారానికోసారి గుర్రపుశాలకు వెళ్తాడు. ఒక కౌన్సెలర్, గుర్రాలు చూసుకునే ఒకావిడ కలిసి నడిపే కార్యక్రమం అది. ఇన్నాళ్లూ ఒక ట్రస్టు డబ్బు కట్టింది. ఇకమీదట ఇవ్వలేమని ఈమధ్యే చెప్పారు. బాబు కేసు చూసే ప్రభుత్వ ఉద్యోగిని, అంటే కేస్ వర్కర్‌ని అడిగితే, "మామూలు కౌన్సెలింగ్ అయితే వెంటనే మంజూరు చేయిస్తానండీ, గుర్రాలకు మా దగ్గర పద్దు లేదు" అన్నారు.

మామూలు కౌన్సెలింగ్ వీడు చూడనిది కాదు. ఆ గదిలో కుర్చీ కింద దూరి, టైమయ్యేదాకా బయటికి వచ్చేవాడు కాదు. గుర్రం దగ్గర మాట్లాడతాడు. గుర్రంతోనే అనుకోండి, మాతో కాదు. అయినా మాట్లాడతాడు.

దీనికి ప్రభుత్వం డబ్బివ్వాలని అడగడం న్యాయమేనా? లేక మావాడి మీద మమకారం కొద్దీ అతిగా అడుగుతున్నానా? ఈ రంగం తెలిసినవాళ్లూ చెప్పండి, ఏమీ తెలియకుండా పన్ను మాత్రం కట్టేవాళ్లూ చెప్పండి.

సందేహాలరావు:

పన్ను కట్టేవాళ్ల తరఫున మొదటి రాయి నేనే వేస్తాను, ఏమీ అనుకోకండి.

ఒక పిల్లాడికి మేలు జరిగినట్టు కనిపించడం వేరు, ఆ మేలుకు గుర్రమే కారణమని తేలడం వేరు. 2014లో ఆనెస్టిస్ అనే పరిశోధకుడి బృందం 'జర్నల్ ఆఫ్ క్లినికల్ సైకాలజీ'లో ఒక సమీక్ష వేసింది. మానసిక సమస్యలకు గుర్రాలతో చేసే చికిత్సల మీద వచ్చిన 14 అధ్యయనాలను జల్లెడ పట్టారు. ఒక్కటీ గట్టిగా నిలబడలేదు. ఈ చికిత్సను జనానికి అమ్మడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవని తేల్చేశారు. కొత్త చోటు, ఆరుబయలు, ఓపిగ్గా చూసే ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే ఏ పిల్లాడైనా కొంత కుదుటపడతాడు. అందులో గుర్రం వాటా ఎంతో ఎవరు చెబుతారు?

ఫోస్టర్ కేర్ పిల్లల్లో అసలు ఏ కౌన్సెలరూ దొరకనివాళ్లున్నారు. కేస్ వర్కర్లు మోయలేనన్ని ఫైళ్లు మోస్తూ మధ్యలోనే ఉద్యోగం వదిలేస్తున్నారు. ప్రభుత్వం దగ్గర డబ్బుంటే ముందు అక్కడ పెట్టాలి.

కళ్లెం:

నేను ఇసొంటి శాలలనే పని చేస్త. కౌన్సెలర్‌ను కాను, గుర్రాల మనిషిని.

చానమంది ఏమనుకుంటరంటే, పిల్లగాన్ని గుర్రమెక్కించి నాలుగు చుట్లు తిప్పితే అదే థెరపీ అని. మనసుకు సంబంధించిన కార్యక్రమంల మా దగ్గర ఎక్కుడే లేదు, అంతా నేల మీదనే. 1999ల మొదలైన ఈగాలా అనే సంస్థ పద్ధతి గూడ గట్లనే ఉంటది. ఒక మానసిక నిపుణుడు, ఒక గుర్రాల నిపుణుడు, ఇద్దరూ ఉండాలె. స్వారీ ఉండదు. పిల్లలు గుర్రం ఒళ్లు తోముతరు, పగ్గం పట్టుకొని నడిపిస్తరు, ఒక్కోసారి ఉత్తగనే నిలబడి చూస్తరు.

గుర్రం వేటకు దొరికే జంతువు. కండ్లు తలకు రెండు దిక్కుల ఉంటయి, దాదాపు చుట్టూతా కనిపిస్తది. ఎప్పుడు ఏది మీద పడ్తదో అని చెవులు తిప్పుకుంటనే ఉంటది. కొట్లాటల నడుమ పెరిగి వచ్చిన పిల్లలు గూడ గట్లనే ఉంటరు, తలుపు సప్పుడైతే ఉలిక్కిపడ్తరు. పిల్లగాడు బిగుసుకపోయి దగ్గరికొస్తే గుర్రం తలెత్తి పక్కకు జరుగుతది. వాడు ఊపిరి వదిలి భుజాలు దించిండంటే అది గూడ తల దించుతది. వాని లోపల ఏమైతున్నదో వానికే ఎదురుంగ కనిపిస్తది, నడుమల ఎవరూ నీతులు చెప్పక్కర్లే. 2016ల ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు గుర్రాలకు కోపంగ ఉన్న మనుషుల ముఖాల ఫొటోలు చూపించిన్రు. గుర్రాల గుండె వేగం జల్ది పెరిగింది, ఎడమ కన్నుతోని ఎక్కువ చూసినయి. అది ఉత్త ఫొటోకు.

ఇంకొకటి. గుర్రం ఆ పిల్లగాని ఫైలు చదివి రాదు. వాని మీద ముందుగాల ఏ అభిప్రాయం ఉండదు. గీ పిల్లలకు అసొంటి తోడు ఎక్కడ దొరుకుతది?

సందేహాలరావు:

గుర్రం స్పందిస్తుందన్నది ఒప్పుకుంటాను. అయితే గుర్రం గుండె కొట్టుకోవడానికీ, పిల్లాడు ఆర్నెల్ల తర్వాత బడిలో కుదురుగా ఉండటానికీ మధ్య చాలా దూరం ఉంది కళ్లెం గారూ. ప్రభుత్వం డబ్బిచ్చేది ఆ రెండోదానికి.

లెక్కలోడు:

ప్రభుత్వ పద్దుల మధ్యే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. గుర్రం మంచిదా కాదా అన్న దగ్గరే వాదన ఆగితే ఈ జన్మకు డబ్బు రాదు. ఏ పద్దు కింద అడుగుతున్నారన్నది చూడాలి.

ఒకే శాలలో నాలుగు రకాల పనులు జరుగుతుంటాయి. ఫిజియోథెరపిస్టో, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టో గుర్రం నడకలోని కదలికను వాడుకుని పిల్లాడి నడుము మీద, బ్యాలెన్స్ మీద పనిచేస్తే అది హిప్పోథెరపీ, వైద్యం కిందికి వస్తుంది. వైకల్యం ఉన్న పిల్లలకు స్వారీ నేర్పితే క్రీడల కిందికి వెళ్తుంది. లైసెన్సున్న మానసిక నిపుణులు గుర్రాన్ని పక్కన పెట్టుకుని చేసేది సైకోథెరపీ. ధైర్యం, క్రమశిక్షణ వగైరా నేర్పే శిబిరాలు నాలుగో రకం, అవి చదువు కిందికి వస్తాయి. దరఖాస్తులో నాలుగింటినీ కలిపి 'గుర్రాల థెరపీ' అని రాస్తే చూసే అధికారి మొదటి పేజీలోనే పక్కన పడేస్తాడు.

ఎవరు ఎలా చేస్తున్నారో చూడండి. స్విట్జర్లాండ్‌లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న రోగులకు హిప్పోథెరపీ ఖర్చు తప్పనిసరి ఆరోగ్య బీమా నుంచి వస్తుంది. పక్కనే ఉన్న జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అదే హిప్పోథెరపీకి చెల్లించదు. రెండు దేశాల్లోనూ గుర్రాలు ఒకటే, నియమాలే వేరు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ప్రతి బడి పిల్లాడికీ 'ప్యూపిల్ ప్రీమియం ప్లస్' అని చదువు కోసం విడిగా సొమ్ము కేటాయిస్తారు. ఆ సొమ్మును చూసుకునే అధికారిని 'వర్చువల్ స్కూల్ హెడ్' అంటారు. 2014 చట్టం ప్రకారం ప్రతి స్థానిక ప్రభుత్వంలోనూ ఆ పదవి ఉండి తీరాలి. పిల్లాడి చదువు ప్రణాళికకు ముడిపెట్టి అడిగితే అక్కడ మాట వినే మనిషంటూ ఒకరున్నారు.

పొద్దుతిరుగుడు:

లెక్కలోడు గారూ, అమెరికాలో ఫోస్టర్ కేర్ కోసం కొత్త చట్టం వచ్చి నివారణ సేవలకు డబ్బు తెరిచారని ఎక్కడో చదివాను. అందులో దూర్చవచ్చా?

లెక్కలోడు:

మీరనేది 2018 నాటి ఫ్యామిలీ ఫస్ట్ చట్టం. చాలామంది దాన్ని చూసి ఆశపడతారు. రెండు చిక్కులున్నాయి.

ఒకటి, ఆ నివారణ డబ్బు ప్రధానంగా ఇంకా ఇంటి నుంచి విడదీయని పిల్లల కోసం. పిల్లాణ్ణి ఫోస్టర్ కేర్‌లోకి తీసుకెళ్లాల్సిన పరిస్థితి రాకుండా ఆ కుటుంబానికి 12 నెలల దాకా మానసిక చికిత్స, వ్యసనాల చికిత్స, పిల్లల పెంపకంలో సాయం అందిస్తారు. ఇప్పటికే ఫోస్టర్ ఇంట్లో ఉన్న మీ బాబులాంటివాళ్లు సాధారణంగా ఆ కోవలోకి రారు.

రెండు, ఆ డబ్బు ఆధారాలున్న పద్ధతులకే. పద్ధతులను తూచడానికి ఒక క్లియరింగ్‌హౌస్ పెట్టారు. అక్కడ ఏదైనా పరిశీలనకు రావాలంటే ముందు దాన్ని ఎలా చేయాలో రాసిన మాన్యువల్ ఉండాలి. ఎవరు చేస్తారు, ఎన్ని సెషన్లు, ఒక్కోదాంట్లో ఏం జరుగుతుంది, అన్నీ అందులో రాసుండాలి. ఒక్కో శాల ఒక్కో తీరుగా చేసే పని అక్కడ గుమ్మం దాటదు. శాలలవాళ్లు ముందు కూర్చుని రాయాల్సింది ఆ మాన్యువల్.

ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలకు అసలు దారి మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం వాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. టైటిల్ ఫోర్-ఈ అనే కేంద్ర చట్టం భాగం కింద ఫోస్టర్ కేర్ చెల్లింపులు అందే పిల్లలు దానికి ఆటోమేటిగ్గా అర్హులు. 21 ఏళ్లలోపు వాళ్లకు వైద్యపరంగా అవసరమని తేలిన చికిత్సలను ఇవ్వాలన్న నియమం దాంట్లో 1989 నుంచీ ఉంది. బిల్లింగ్ కోడ్‌లలో హిప్పోథెరపీకి ఎస్8940 అని ఒక అంకె కూడా ఉంది. కోడ్ ఉందని సంబరపడకండి. కోడ్ అంటే బిల్లు రాయడానికి గడి మాత్రమే, చెల్లిస్తామన్న హామీ కాదు. లైసెన్సున్న థెరపిస్టు తన గంటకు తాను మామూలు సైకోథెరపీ కింద బిల్లు వేయడమే తేలిక. గుర్రం ఖర్చు అందులో రాదు, దానికి వేరే దారి వెతకాలి.

మనసుగది:

పిల్లల మనస్తత్వ నిపుణురాలిని. నా పని గదిలోనే, శాలతో నాకు లావాదేవీలు లేవు.

సందేహాలరావు గారు చెప్పిన 2014 సమీక్ష నిజమే. నేనూ చదివాను, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఆ తర్వాత వచ్చినవీ చూడాలి. 2015లో గాబ్రియెల్స్ బృందం ఆటిజం ఉన్న 127 మంది పిల్లలతో ఒక ట్రయల్ చేసింది. 6 నుంచి 16 ఏళ్ల వాళ్లను చీట్లేసినట్టు రెండు గుంపులు చేసి, 10 వారాలు ఒక గుంపుకు స్వారీ నేర్పారు. రెండో గుంపును కూడా శాలకే తీసుకెళ్లి అలాంటి కార్యక్రమాలే చేయించారు, గుర్రం మాత్రం లేదు. స్వారీ గుంపులో చిరాకు, అతి చురుకుదనం ఎక్కువగా తగ్గాయి. 'గుర్రం వాటా ఎంత' అన్న మీ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి ఇదే. దానికి ముందు ఏడాది వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పెండ్రీ బృందం బడి పిల్లలకు 11 వారాలు గుర్రాలతో కార్యక్రమం పెట్టి, లాలాజలంలో కార్టిసాల్ కొలిచింది. ఒత్తిడి హార్మోన్ అన్నమాట. గుర్రాల గుంపులో మధ్యాహ్నం వేళ స్థాయి తగ్గింది.

అలాగని జెండా ఎగరేయక్కర్లేదు. మొదటి ట్రయల్‌లో ఉన్నది ఆటిజం పిల్లలు, రెండోదాంట్లో సాధారణ బడి పిల్లలు. ఇళ్లు మారుతూ, అమ్మానాన్నలకు దూరంగా బతికే పిల్లల గురించి ఆ రెండూ నేరుగా ఏమీ చెప్పవు. గాయపడ్డ పిల్లల కోసం బాగా పరీక్షకు నిలిచిన చికిత్స ట్రామా-ఫోకస్డ్ సీబీటీ, అంటే ఆ గాయం తాలూకు ఆలోచనల మీద, ప్రవర్తన మీద పద్ధతిగా పనిచేసే మాటల చికిత్స. పొద్దుతిరుగుడు గారి కేస్ వర్కర్ 'మామూలు కౌన్సెలింగ్' అన్నదాంట్లో అది ఉందో లేదో ముందు అడిగి తెలుసుకోండి. చాలాచోట్ల ఉండదు. వారానికోసారి పిలిచి 'ఎలా ఉన్నావు నాన్నా' అని అడిగి పంపేస్తారు.

నా వరకు గుర్రాన్ని ఆ గదిలోకి రానని మొండికేసే పిల్లలకు ద్వారంగా చూస్తాను. కుర్చీ కింద కూర్చున్న పిల్లాడికి ఎంత మంచి సీబీటీ అయినా ఎక్కదు. శాలలో ఆ కౌన్సెలర్ అసలు పని మొదలుపెడుతున్నారా, లేక గుర్రాన్ని తోమడంతోనే గంట గడిచిపోతోందా? మంజూరు చేసేవాళ్లు అడగాల్సిన ప్రశ్న అది.

సందేహాలరావు:

గుర్రం లేని శాలతో పోల్చారా? ఆ ట్రయల్ నేను చదవాల్సిందే. మంచి డిజైన్.

కానీ ఒక్కటి. గుర్రమే ఎందుకు? కుక్క చాలదా? మొక్కలు పెంచడం చాలదా? కుక్కను కౌన్సెలర్ తన గదికే తెచ్చుకోవచ్చు, గుర్రానికి ఎకరాలు కావాలి.

కళ్లెం:

కుక్క మంచిదే రావుగారు, ఎవరు కాదన్నరు. కుక్క పిలవకున్నా వస్తది, తోక ఊపుతది. గుర్రం గట్ల రాదు. సంపాదించుకోవాలె. నాలుగైదు వందల కిలోల జంతువు ఒక పిల్లగాని మాట విని రెండడుగులు వెనుకకు వేసిందంటే ఆ పిల్లగానికి కలిగే నమ్మకం కుక్కతోని రాదు. పెద్దోళ్లు ఎవరూ వాని మాట ఎన్నడూ వినలేదు మరి.

కుక్కలకు భయపడే పిల్లలు గూడ శానామంది ఉంటరు. కరిపించుకొని వచ్చినోళ్లు.

చిట్టిపిచ్చుక:

గుర్రాలంటే భయపడే పిల్లలూ ఉంటారు కదా అన్నా? మా అమ్మాయి గుర్రం బొమ్మ చూసినా ఏడుస్తుంది. పైగా ఆస్తమా.

కళ్లెం:

ఉంటరమ్మ. బలవంతం చెయ్యరు. కంచె బయట నిలబడి చూసుడు గూడ సెషనే. ఆస్తమా ఉంటే మాత్రం డాక్టర్‌ను అడగకుండ రావొద్దు, గడ్డి దుమ్ము, గుర్రం నూగు రెండూ పడవు.

నీలికొండ:

ఈ చర్చను రెండ్రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నేను ఫోస్టర్ కేర్‌లో పెరిగాను. నాకు కూడా గుర్రాల కార్యక్రమం ఉండేది. బాగుండేది. అబద్ధం చెప్పను, వారంలో మిగతా రోజులు దాని కోసమే గడిచేవి. దాని ఖర్చు దాతలది. సంవత్సరానికోసారి దాతలు వచ్చేవాళ్లు. మమ్మల్ని గుర్రాల పక్కన నిలబెట్టి ఫొటోలు తీసేవాళ్లు. ముఖాలు కనిపించకుండా వెనక నుంచే తీసేవాళ్లు, నిబంధన పాటించినట్టు. వెనక నుంచి తీసినా నన్ను మా క్లాసువాళ్లు పోల్చుకున్నారు. ఆ తర్వాత కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరాలు రాయించేవాళ్లు. నీకు గుర్రం ఏం నేర్పింది అని.

మందులకు ఎవరికీ థాంక్యూ కార్డు రాయలేదు. పంటి డాక్టర్‌కీ రాయలేదు. ప్రభుత్వం కట్టింది, అయిపోయింది. ఇది కూడా అలా అయ్యుంటే బాగుండేది. ప్రభుత్వ డబ్బు కావాలని నేననడానికి కారణం ఆధారాలూ కార్టిసాలూ కాదు. దాత డబ్బుకు పిల్లలు నవ్వుతూ కనిపించాలి. పద్దు నుంచి వచ్చే డబ్బుకు నవ్వక్కర్లేదు.

రెండో సంగతి. నన్ను ఇంకో ఇంటికి మార్చినప్పుడు ఆ ఇల్లు దూరం. కార్యక్రమం ఆగిపోయింది. ఆ గుర్రానికి వెళ్లొస్తానని కూడా చెప్పలేదు. అది పెద్ద విషయం కాదని అందరూ అన్నారు.

పొద్దుతిరుగుడు:

ఫొటోల సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదమ్మా. మావాడి ట్రస్టు కూడా ఫొటోలు అడిగింది, వాళ్లు మంచివాళ్లేలే అని ఊరుకున్నాను. రేపే ఫోన్ చేస్తాను.

వేదిక నిర్వాహకులు:

ఇకపై రాసేవాళ్లకు ఒక మనవి. పిల్లల పేర్లు, వయసులు, శాలల పేర్లు, కేసు వివరాలు రాయకండి. ఒక వ్యాఖ్యను తొలగించాం. చర్చ బాగుంది, కొనసాగించండి.

మనసుగది:

నీలికొండ గారు చెప్పిన రెండో సంగతి దగ్గర కాస్త ఆగాలి.

బుకారెస్ట్‌లో 2000లో మొదలైన ఒక అధ్యయనం ఉంది. అనాథ సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని ఫోస్టర్ ఇళ్లకు పంపి, ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్లు నిండేలోపు ఇల్లు దొరికిన పిల్లలు మనుషులతో అనుబంధం పెంచుకోవడంలో బాగా కోలుకున్నారు. అక్కడ గుర్రాలూ లేవు, ప్రత్యేక పరికరాలూ లేవు. చికిత్స ఏదైనా ఉందంటే అది కదలకుండా ఉన్న ఒక మనిషే.

అలాంటప్పుడు, కదలని మనిషి దొరకని పిల్లలకు ఒక బంధం ఏర్పరిచి, సెషన్ల లెక్క అయిపోయిందని తెంచేయడం చికిత్స అవుతుందా? వాళ్లకు ఇప్పటికే తెలిసిన పాఠాన్ని మళ్లీ చెప్పినట్టవుతుంది. ప్రభుత్వం డబ్బిచ్చేట్టయితే మొదటి షరతు ఇదే ఉండాలంటాను: ఇల్లు మారినా పిల్లాడు అదే శాలకు, అదే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లగలగాలి. అది కుదరని చోట మొదలుపెట్టకపోవడమే మేలు. ముగింపు సెషన్లు కూడా ముందే లెక్కలో ఉండాలి. గుర్రాలు కూడా ముసలివవుతాయి, పోతాయి. శాలవాళ్లు పిల్లలకు ఆ సంగతి ఎలా చెబుతారో ముందే అడగండి.

కళ్లెం:

మనసుగది మేడం, నిజం. మా దగ్గర ఒక ముసలి గుర్రం పోయినప్పుడు పిల్లలకు దాచిపెడ్దామన్నరు. దాచలేదు. చెప్పినం. ఒకరిద్దరు అప్పుడే మొదటిసారి సొంత ఇంట్ల పోయినోళ్ల గురించి మాట్లాడిన్రు. అది కౌన్సెలర్ పక్కన ఉన్నందుకే నడిచింది, నా ఒక్కనితోని అయ్యేది కాదు.

ఖర్చు సంగతి గూడ చెప్త. గుర్రం సెషన్ ఉన్నా లేకున్నా తింటది. ఆరెనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కియ్యాలె, నాడాలు చూసుకోవాలె. నోట్లె పండ్లు రాకియ్యాలె, టీకాలెయ్యాలె. ఇరవై ఐదు, ముప్పై ఏండ్లు బతుకుతది, ఆఖరి ఏండ్లల్ల పని చెయ్యకున్నా సాకాలె. సెషన్‌కింత అని కడితే ఈ ఖర్చు ఎల్లదు. ఎల్లకపోతే శాలవాళ్లు ఏం చేస్తరు? ఒకటే గుర్రాన్ని పొద్దుగాల నుంచి మాపటిదాక ఒకరి తర్వాత ఒకరికి తిప్పుతరు. గుర్రం విసిగిపోతది, చెవులు వెనుకకు పెడ్తది, కరవొస్తది. నేను చూసిన దెబ్బలల్ల ఎక్కువ గసొంటి అలిసిపోయిన గుర్రాలతోనే తగిలినయి. డబ్బిచ్చేటోళ్లు గుర్రానికి రోజుకు ఎన్ని సెషన్లో రాసియ్యాలె, వచ్చి చూడాలె గూడ.

సందేహాలరావు:

దెబ్బలన్నారు కాబట్టి అడుగుతున్నా. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లాడికి శాలలో కాలు విరిగితే ఎవరిది బాధ్యత? సంతకం ఎవరు పెడతారు? సొంత తల్లిదండ్రుల హక్కులు ఇంకా పూర్తిగా పోలేదు, ఫోస్టర్ తల్లిదండ్రులకు పూర్తిగా రాలేదు.

లెక్కలోడు:

మంచి ప్రశ్న. దరఖాస్తులు ఎక్కువగా ఇక్కడే మూలపడతాయి. అమెరికాలో 2014 చట్టం ఒకటి ఫోస్టర్ తల్లిదండ్రులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆటపాటలు, బయట కార్యక్రమాల విషయంలో, వివేకమున్న తల్లిదండ్రులు తమ పిల్లాడి కోసం ఏ నిర్ణయం తీసుకుంటారో అదే వీళ్లూ తీసుకోవచ్చని. ప్రతి చిన్నదానికీ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. అయితే ఆ వెసులుబాటు ఆటపాటలకు, వైద్యానికి కాదు. ఇక్కడే తిరకాసుంది. వైద్యం పద్దులో డబ్బడిగి, సంతకం దగ్గరికి వచ్చేసరికి 'ఇది సరదా కార్యక్రమం' అనకూడదు. చికిత్స అంటే చికిత్స సమ్మతి పత్రాలే కావాలి, అవి ఎవరు ఇవ్వాలో ఆ కేసు ఉత్తర్వుల్లో ఉంటుంది. స్వారీ లేకుండా నేల మీదే చేసే కార్యక్రమానికి బీమా దొరకడం కొంత తేలిక.

ఇప్పుడు నా మాట. గుర్రం ఖర్చునూ థెరపిస్టు ఖర్చునూ విడగొట్టండి. థెరపిస్టు గంట వైద్యం పద్దులో. శాల నిర్వహణకు విడిగా గ్రాంటు, ఏడాదికింత అని, పిల్లల తలలెక్కతో సంబంధం లేకుండా. అమెరికాలో మాజీ సైనికుల కోసం ప్రభుత్వం అడాప్టివ్ స్పోర్ట్స్ (వైకల్యం ఉన్నవాళ్లకు వీలుగా మార్చిన ఆటలు) గ్రాంట్లలో గుర్రాల థెరపీకి డబ్బు ఇస్తోంది, సంస్థలకే నేరుగా. సైనికుడికి ఇవ్వగలిగినదాన్ని పిల్లాడికి ఇవ్వకూడదని ఎక్కడా రాసిలేదు. అడిగేవాళ్లు లేరంతే. సైనికులకు సంఘాలున్నాయి, ఓట్లున్నాయి.

సందేహాలరావు:

సైనికులకు ఇస్తున్నారు కాబట్టి పని చేస్తుందని అర్థం కాదు లెండి. అడిగిన గొంతు పెద్దదని అర్థం.

సరే, నేను ఎక్కడిదాకా వస్తానో చెబుతాను. శాశ్వత పద్దు వద్దు. పరిమిత కాలానికి పైలట్, అంటే ప్రయోగాత్మక కార్యక్రమం పెట్టండి. శాలలో ఎలాగూ అందరికీ ఒకేసారి చోటుండదు, వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది చీటీ వేసి తేల్చండి. వెనక వరసలోవాళ్లు పోలికకు పనికొస్తారు. మామూలు చికిత్స మాత్రం ఎవరికీ ఆపకూడదు. కొలిచేది కూడా పిల్లాడు శాలలో నవ్వాడా అన్నది కాదు. ఫోస్టర్ ఇంట్లో నిలిచాడా, బడికి వెళ్తున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా, గుర్రం లేని గదిలో కౌన్సెలర్‌తో కూర్చోగలుగుతున్నాడా. తేడా లేకపోతే ఆపేయాలి, గుర్రాలు ముద్దుగా ఉన్నాయని సాగదీయకూడదు.

నీలికొండ గారి ఫొటోల మాట మాత్రం నన్ను ఇబ్బంది పెట్టింది. ప్రభుత్వం తప్పుకుని దాతలకు వదిలేస్తే చాలు, పన్ను మిగులుతుంది అనుకునేవాణ్ణి. దాని ధర ఆ పిల్లలు కడుతున్నారన్నమాట.

నీలికొండ:

చీటీ వేయడం మాకు కొత్త కాదు లెండి. కానీ వెనక వరసలో ఉన్నవాళ్లకు ఎందుకు ఆగమంటున్నారో చెప్పండి. 'నీ వంతు రాలేదు' అని ఊరుకుంటే, వాళ్లు తమలో ఏదో తప్పుందనే అనుకుంటారు. నేనైతే అనుకునేదాన్ని.

ఆ ప్రశ్నపత్రాలు కూడా తగ్గించండి. ప్రతి కొత్త మనిషికీ మొదటి నుంచి కథ చెప్పాల్సి వస్తే గుర్రం దగ్గరికి వెళ్లబుద్ధి కాదు.

మనసుగది:

రెండూ న్యాయమైన మాటలు. కొలతలు ఫోస్టర్ తల్లిదండ్రులు, టీచర్లు నింపేవిగా పెట్టుకోవచ్చు. పిల్లల దగ్గర అడిగేది చిన్నదిగా ఉంచొచ్చు. వారంవారం అడగక్కర్లేదు.

పైలట్‌లో ఇంకొకటి చేర్చాలంటాను. అప్పుడప్పుడు ఫోస్టర్ తల్లిదండ్రులను కూడా కంచె లోపలికి పిలవాలి. పిల్లాడు గుర్రంతో నేర్చుకున్నది గుర్రం దగ్గరే ఉండిపోతే ఇంటికి లాభం లేదు. వాడు భయపడినప్పుడు గుర్రాన్ని నడిపించే ఆవిడ ఏం చేస్తున్నారో, ఎంత దూరంలో ఆగుతున్నారో, ఎప్పుడు మాట్లాడకుండా ఉంటున్నారో పెంచేవాళ్లు చూడాలి. పొద్దుతిరుగుడు గారూ, మిమ్మల్ని ఎప్పుడైనా లోపలికి రానిచ్చారా?

పొద్దుతిరుగుడు:

లేదండీ. కారులోనే కూర్చుంటాను, వాడి సమయం వాడిదని. ఈసారి కౌన్సెలర్‌ని అడుగుతాను, మావాడు సరేనంటేనే.

అందరూ చెప్పినవి పెట్టుకుని దరఖాస్తు ఇలా రాస్తున్నాను, చూసి చెప్పండి. 'గుర్రాల థెరపీ' అన్న మాట మొదటి పేరాలో రాయట్లేదు. లైసెన్సున్న కౌన్సెలర్ ఇచ్చే మానసిక చికిత్స, గదిలో ప్రయత్నించగా కుదరలేదు, అందుకని ఈ చోట, అని మొదలు. ఆ కౌన్సెలర్ ఏ పద్ధతి వాడుతున్నారో ఆవిడ చేతనే ఒక పేజీ రాయిస్తున్నాను. ఇల్లు మారినా కొనసాగాలన్న షరతు, ముగింపు సెషన్లు, ఫొటోలు వద్దన్న మాట కూడా రాశాను. శాల ఖర్చు విడిగా చూపించాను. ట్రస్టువాళ్లు సెషన్లకు ఇవ్వలేకపోయినా దాణాకు కొంత ఇస్తామన్నారు.

శాలకు తీసుకెళ్లి తీసుకొచ్చే ప్రయాణం ఖర్చు ఏ పద్దులో రాయాలి లెక్కలోడు గారూ?

లెక్కలోడు:

వైద్యం ప్రయాణం కింద. మెడికెయిడ్‌లో అయితే అత్యవసరం కాని వైద్య ప్రయాణాలకు విడిగా ఏర్పాటు ఉంటుంది, మీ దగ్గర ఆ పేరుతో ఏముందో కేస్ వర్కర్‌కి తెలుస్తుంది. కాకపోతే చికిత్స మంజూరైతేనే అది వస్తుంది, కాబట్టి రెండు దరఖాస్తులూ ఒకే రోజు పెట్టకండి. మొదటిది తేలనివ్వండి. కౌన్సెలర్ రాసే పేజీ మీద లైసెన్సు నంబర్ ఉందో లేదో చూసుకోండి, అది లేదని తిప్పి పంపిన ఫైళ్లు నేను చాలా చూశాను.